గొరిగితే గుబురవుతుందా?

అమెరికాలో ఆగస్టులోనో సెప్టెంబరు మొదటి వారానికో బడులు తెరుస్తారు. ఏడో తరగతిలో అడుగుపెట్టిన తెలుగు పిల్లకు ఆ సంవత్సరం కొత్తగా ఎదురయ్యే చిక్కు లెక్కలతోనూ కాదు, ఇంగ్లీషుతోనూ కాదు, వ్యాయామం పీరియడుతో. ఆ గంటలో పొట్టి నిక్కరు తొడుక్కొని నలుగురిలో పరుగెత్తాలి. పిక్కల మీద, ముంజేతుల మీద ఉన్న నల్లని నూగు తోటిపిల్లల బంగారురంగు నూగుకన్న ప్రస్ఫుటంగా కనబడుతుంది. ఎవరో ఒక మాట అంటారు. మర్నాటి నుంచి ఆ పిల్ల మండుటెండలో కూడా పొడుగు పంట్లాము విడిచిపెట్టదు. ఈతకు పిలిస్తే ఒంట్లో బాగాలేదంటుంది. చివరికి ఒకనాడు తల్లి దగ్గర నోరు విప్పితే వచ్చే జవాబు తరతరాలుగా స్థిరపడి ఉన్నదే: “వద్దమ్మా, ఒకసారి గొరిగితే మళ్లీ ఇంకా మందంగా, గుబురుగా మొలుస్తాయి. పెద్దదానివయ్యాక చూద్దాంలే.”

తల్లి మాటలో ప్రేమకు లోటు లేదు. కాని ఆ మాటను శాస్త్రం సమర్థించదు. పిల్ల ఊరుకుంటుందా అంటే అదీ లేదు. స్నానాలగది గడియ పెట్టుకొని, తండ్రి వాడి పక్కన పడేసిన మొద్దు రేజరుతో, నురుగైనా లేకుండా గీసుకొని చీలమండ దగ్గర తోలు లేపుకుంటుంది. ఈ రహస్య ప్రయోగం జరిగిన తెలుగు ఇళ్లు తక్కువేమీ కావు. ఆ గాయానికి కట్టు కడుతూనైనా ఇంట్లోవారు తెలుసుకోదగిన సంగతులు కొన్ని ఉన్నాయి.

ఈ నమ్మకం తెలుగువారిలో రెండు రూపాల్లో కనబడడం తమాషా. పసిబిడ్డ పుట్టువెంట్రుకలు కొండ మీదనో ఇలవేల్పు సన్నిధిలోనో తీయించినప్పుడు “ఇక జుట్టు ఒత్తుగా వస్తుంది” అని సంతోషిస్తారు. ఆడపిల్ల కాళ్ల దగ్గరికి వచ్చేసరికి అదే మాట చెప్పి భయపడతారు. తిరుమలలో ఏటేటా తలనీలాలు సమర్పించే భక్తుల్లో నడినెత్తి పలచబడిన పెద్దమనుషులకు కొదవ లేదు. గొరిగినందువల్ల జుట్టు ఒత్తవడమే నిజమైతే బట్టతలకు కల్యాణకట్టను మించిన వైద్యశాల లోకంలో ఉండేది కాదు.

వెంట్రుకలో చర్మానికి పైన కనబడే భాగం నిర్జీవం. కెరటిన్ అనే ప్రోటీనుతో బిగిసిన మృతకణాల పోగు అది. దానిలో నరం లేదు, నెత్తురు లేదు; అందుకే కత్తిరిస్తే నొప్పి తెలియదు. ప్రాణమున్నదంతా చర్మం లోపల, రోమకూపం అడుగున, చిన్న ఉల్లిగడ్డలా ఉబ్బి ఉన్న మూలంలో. వెంట్రుక ఎంత లావున రావాలో, ఏ రంగున రావాలో, ఎన్నాళ్లు పెరగాలో అక్కడే తేలుతుంది. వంశలక్షణమూ హార్మోనులూ కలిసి ఆ నిర్ణయం చేస్తాయి. పైన కొస తెగిందన్న కబురును మూలానికి చేరవేసే దారి ఏదీ లేదు.

ప్రతి రోమకూపమూ కొంతకాలం వెంట్రుకను పెంచి, కొంతకాలం విశ్రమించి, పాతదాన్ని రాల్చి కొత్తదాన్ని మొదలుపెడుతుంది. తల మీద ఈ పెంచే దశ రెండేళ్ల నుంచి ఆరేళ్ల దాకా సాగుతుంది కాబట్టి జడ నడుము దాకా దిగుతుంది. కాళ్ల మీద అది కొద్ది నెలలే. పుట్టి బుద్ధెరిగి కత్తి తగలని కాళ్ల మీద సైతం వెంట్రుకలు ఒక పొడవు దగ్గర ఆగిపోవడానికి కారణం ఇదే.

ఈ విషయాన్ని కొలిచి చూసినవారూ ఉన్నారు. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన శరీరనిర్మాణ శాస్త్రవేత్త మిల్‌డ్రెడ్ ట్రాటర్ గొరగడానికీ వెంట్రుకల పెరుగుదలకూ గల సంబంధాన్ని పరిశీలించి 1928లో ఫలితాలు ప్రకటించారు. గొరగడం వల్ల వెంట్రుకల లావులోగాని, రంగులోగాని, పెరిగే వేగంలోగాని మార్పు రాలేదని తేల్చారు. 1970లో లిన్‌ఫీల్డ్, మాక్‌విలియమ్స్ అనే పరిశోధకులు ఐదుగురు యువకులతో మరొక పరీక్ష చేశారు. ఒక కాలిని వారానికోసారి గొరుగుతూ, రెండో కాలిని ముట్టకుండా వదిలి, కొన్ని నెలల తరవాత రెంటినీ పోల్చారు. తేడా లేదు. ఒకే మనిషి రెండు కాళ్లు ఇచ్చిన సాక్ష్యం కాబట్టి దీనిని తోసిపుచ్చడం కష్టం.

మరి కళ్లకు కనబడేది అబద్ధమా? పూర్తిగా కాదు. తాకని వెంట్రుక కొస సూదిమొనలా సన్నబడి ఉంటుంది. కోసినదాని మొన మొద్దు. తిరిగి పైకి వచ్చేటప్పుడు ఆ మొద్దుకొస చేతికి గరుకుగా తగిలి లావైనట్టు భ్రమ కలిగిస్తుంది. పైగా ఎండకు, నీటికి వెలిసిన పాత భాగం పోయి, వెలియని నల్లని భాగం బయటపడుతుంది. అన్నిటికన్న పెద్ద మోసం కాలానిది. ఆడపిల్ల గొరగడం మొదలుపెట్టేది పన్నెండు పదమూడేళ్ల వయసులో. సరిగా ఆ వయసులోనే హార్మోనుల ప్రభావం వల్ల నూగు ముదిరి నల్లని వెంట్రుకగా మారుతుంది. కత్తి ముట్టినా ముట్టకున్నా అది జరిగేదే. నింద కత్తి మీద పడుతుంది. పుట్టువెంట్రుకల సంగతీ అంతే. తీయించే ఏడాదే పసితల మీది మెత్తని జుట్టు సహజంగా ముదిరే ఏడాది. ఇక్కడ మాత్రం కీర్తి మంగలికత్తికి దక్కుతుంది.

ఇదంతా పరాయిదేశపు మోజు అనేవారు ఉంటారు. వాత్స్యాయనుడు నాగరికుడి దినచర్య చెబుతూ స్నానం నిత్యమనీ, నాలుగోరోజుకు క్షవరమనీ, తక్కిన శరీరరోమాలకు ఐదు లేక పది రోజుల గడువనీ లెక్క పెట్టాడు. సుశ్రుతుడు వ్రణానికి చెప్పిన అరవై ఉపక్రమాల్లో రోమాపహరణం ఒకటి. వెంట్రుకల వల్ల పుండు మానకపోతే కత్తితోనో కత్తెరతోనో పట్టకారుతోనో వాటిని తీయమన్నాడు. శంఖచూర్ణం, హరిదళం కలిపిన లేపం కూడా చెప్పాడు. హరిదళంలో ఉన్నది ఆర్సెనిక్, అంటే విషం. కనుక ఆ యోగాన్ని చరిత్రగా చదువుకోవలసిందే తప్ప వంటింట్లో నూరరాదు. ఇప్పటి క్రీములలో ఆర్సెనిక్ లేదు. థయోగ్లైకాలిక్ ఆమ్లపు లవణాలు కెరటిన్ బంధాలను తెంచి అదే పని చేస్తాయి. ఇక పసిబిడ్డలకు పెట్టే నలుగు: శనగపిండి, పసుపు రుద్దితే వదులైన నూగు కొంత ఊడివస్తుంది. మిగిలినది నెలలు గడిచేకొద్దీ దానంతటదే రాలిపోయేది.

నిజానికి అమెరికాలోనే ఈ ఆచారం పాతది కాదు. చేతులు లేని గౌన్లు వచ్చాక, 1915లో, పత్రికలలో బాహుమూలాల రోమాల గురించి ప్రకటనలు మొదలయ్యాయి. జిలెట్ కంపెనీ ఆడవారికోసం ప్రత్యేకంగా రేజరు అమ్మినది కూడా ఆ ఏడే. రెండో ప్రపంచయుద్ధకాలంలో నైలాను పారాచూట్లకు పోయి మేజోళ్లు కరువై, కాళ్లు గొరుక్కోవడం ఇంటింటి అలవాటైంది. వందేళ్ల వయసైనా నిండా లేని ఆ అలవాటు ముందు తెలుగు పిల్ల చిన్నబుచ్చుకోవలసింది లేదు. తీయకుండా ఉంచుకోవడంలోనూ ఆరోగ్యానికి ఏ లోపమూ లేదు. తీయాలని తనకే అనిపిస్తే మాత్రం దాన్ని గాయం లేకుండా చేసే పరికరాన్ని చేతికివ్వడం మేలు.

ఆ పరికరం పుట్టుక చలికీ నీటికరువుకూ సంబంధించినది. అమెరికా సైన్యంలో పనిచేసిన జేకబ్ షిక్ ఉత్తరాన గడ్డకట్టే చలిలో కాలు బెణికి కదలలేక పడి ఉన్నప్పుడు, నీరూ నురుగూ అక్కరలేని క్షురకం ఉంటే బాగుండునని తలపోశాడు. అతని తొలి నమూనాలో మోటారు వేరే, కత్తి వేరే. పట్టుకోవడానికి రెండు చేతులూ కావాలి. మోటారును పిడిలోనే ఇమిడ్చిన షేవరు 1931లో 25 డాలర్లకు బజారుకు వచ్చింది. ఆర్థికమాంద్యపు రోజుల్లో అది చిన్న సొమ్ము కాదు. 1939లో హాలండులోని ఫిలిప్స్ కంపెనీ ఇంజనీరు అలెగ్జాండర్ హొరోవిట్జ్ కత్తులు గుండ్రంగా తిరిగే షేవరును తయారుచేశాడు. 1950లో జర్మనీలో బ్రౌన్ కంపెనీ పలుచని రేకు కింద కత్తి అటూ ఇటూ ఆడే రకాన్ని తెచ్చింది. గడ్డానికి ఏదైనా ఒకటే. కాళ్లకు, చంకలకు ఉద్దేశించిన షేవర్లలో ఎక్కువగా కనబడేది ఈ రేకు రకమే.

రేజరు పనిచేసేది కొడవలిలా: ఒకే అంచు, చర్మాన్ని ఆనుకొని పోతుంది. షేవరుది కత్తెర పద్ధతి. జల్లెడలాంటి నికెలు రేకు రంధ్రాలలోకి వెంట్రుక దూరుతుంది. రేకు అంచుకూ లోపల ఆడే కత్తికీ మధ్య చిక్కి తెగుతుంది. చర్మానికి తగిలేది రేకే గాని కత్తి కాదు. ఆ రేకు మందం ఒక వెంట్రుకంత, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు ప్రాంతం. కనుక షేవరు ఎంత బాగా కోసినా అంత మొలక మిగలక తప్పదు. “రేజరంత నున్నగా రాదు” అనే ఫిర్యాదు వాస్తవమే. అయితే లెక్క వేసి చూస్తే దాని విలువ తెలుస్తుంది. కాలి వెంట్రుక రోజుకు మిల్లీమీటరులో ఐదో వంతుకు అటూ ఇటూగా పెరుగుతుంది. మిగిలిన మొలక ఆరు గంటల పెరుగుదలకు సమానం. రేజరు చర్మాన్ని లాగి కాస్త కిందికి కోసేదాన్ని కలుపుకున్నా తేడా ఒక పూటకు మించి పెద్దగా ఉండదు.

ఆ ఒక్క పూట నునుపుకు గోధుమరంగు, చామనఛాయ చర్మాలు చెల్లించే మూల్యం ఎక్కువ. చర్మమట్టానికి కింద తెగిన వెంట్రుక, అందులోనూ వంకర తిరిగినది, పైకి వచ్చేటప్పుడు దారి తప్పి చర్మంలోకే గుచ్చుకుంటుంది. అక్కడ ఎర్రని పొక్కు లేస్తుంది. తెల్లవారి చర్మంలో అది తగ్గితే ఆనవాలు అంతగా మిగలదు. రంగు కణాలు చురుకుగా ఉండే చర్మంలో మాత్రం చిన్న వాపుకు, చిన్న కోతకు కూడా మెలనిన్ పేరుకొని నల్లమచ్చ నిలుస్తుంది. అది వెలిసిపోవడానికి నెలలు పడుతుంది. నూగు కనబడకూడదని గీసుకొన్న పిల్ల కాళ్ల మీద చుక్కలు చుక్కలుగా నల్లమచ్చలు మిగిలితే మళ్లీ పొడుగు పంట్లామే దిక్కు. తల్లి జాగ్రత్తపడవలసినది ఇక్కడ. షేవరు ఈ మచ్చలను పూర్తిగా నివారించదు. కాని కింద కోయదు, తోలు లేపదు కాబట్టి అవకాశాన్ని బాగా తగ్గిస్తుంది.

కంటికి కనబడని కోతల సంగతి శస్త్రవైద్యులు ఎప్పుడో పట్టుకున్నారు. 1971లో వెలువడిన ఒక పరిశీలనలో, ఆపరేషనుకు ముందు రేజరుతో గొరిగిన రోగులలో 5.6 శాతం మందికి గాయం చీము పట్టింది. క్రీముతో తీసినవారిలోను, అసలు తీయనివారిలోను అది 0.6 శాతం మాత్రమే. రేజరు చేసే సన్నని గీతలలో సూక్ష్మజీవులు చేరడమే అందుకు కారణం. వెంట్రుకలు తీయకుండా ఉండడమే మంచిదనీ, తప్పనిసరైతే విద్యుత్ క్లిప్పరు వాడాలనీ, రేజరు కూడదనీ ప్రపంచ ఆరోగ్యసంస్థ 2016లో చెప్పింది. కాన్పుకో మోకాలి ఆపరేషనుకో వెళ్లే ముందురోజు శుభ్రత పేరిట ఇంట్లో గొరుక్కొని బయలుదేరేవారు ఈ సంగతి గమనించాలి. ఆ పని ఆసుపత్రివారికి వదిలిపెట్టడం క్షేమం.

వాడకంలో మెలకువలు కొన్నే. రేజరుకు తడి కావాలి. నీరు పీల్చుకున్న వెంట్రుక మెత్తబడి సులువుగా తెగుతుంది. షేవరుకు సామాన్యంగా పొడి కావాలి. చెమ్మగా ఉంటే వెంట్రుక చర్మానికి అతుక్కొని రంధ్రంలోకి లేవదు, రేకు కూడా జారదు. నీటిలో వాడదగినవని ముద్ర ఉన్న షేవర్ల మాట వేరు. స్నానం చేసి, ఒళ్లు బాగా తుడుచుకొని, పావుగంట ఆగితే చాలు. చెమట పట్టే ఊళ్లలో, ముఖ్యంగా గల్ఫులోనో మలేషియాలోనో ఉండేవారు చిటికెడు పౌడరు అద్దుకుంటే రేకు సాఫీగా నడుస్తుంది. పొడుగ్గా ఉన్న వెంట్రుకలు జల్లెడ రంధ్రాలలోకి పోలేవు. మొదటిసారి వాడేవారు ముందు ట్రిమ్మరుతో పొట్టి చేయకుండా నేరుగా షేవరు పెట్టి, అది లాగి చురుక్కుమనిపిస్తే పనికిమాలిన యంత్రమని మూల పడేస్తుంటారు.

ఒక చేత్తో చర్మాన్ని బిగువుగా పట్టి, రెండో చేత్తో షేవరును నిలువుగా ఆనించి, చీలమండ నుంచి మోకాలి వైపు, అంటే మొలిచిన దిశకు ఎదురుగా, మెల్లగా నడపాలి. నొక్కితే నున్నగా వస్తుందనుకోవడం పొరపాటు. నొక్కితే చర్మం రంధ్రాలలోకి ఉబికి ఒరుసుకుంటుంది. మోకాలిని కొంచెం వంచి చేసుకుంటే ముడతలు అడ్డురావు. చంకలో వెంట్రుకలు ఒక్క దిక్కుకు మొలవవు కాబట్టి చెయ్యి పైకెత్తి పైనుంచి, కిందినుంచి, పక్కనుంచి నడపవలసి ఉంటుంది. వెంటనే వాసన మందులు చల్లుకుంటే భగ్గుమంటుంది. రాత్రి పడుకోబోయే ముందు చేసుకుంటే ఆ బాధ ఉండదు. మర్మస్థానాల దగ్గర నున్నగా గొరగాలని పట్టుబట్టకుండా దువ్వెన తొడిగిన ట్రిమ్మరుతో పొట్టి చేసి వదలడం ఉత్తమం. పుట్టుమచ్చలు, ఉబ్బిన నరాలు, కురుపులు ఉన్నచోట తప్పించాలి. రేజరుకు అలవాటుపడిన చర్మం షేవరుకు సర్దుకోవడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు.

ఒకే షేవరును ఇంటిల్లిపాదీ వాడడం పొదుపు అనిపించుకోదు. రేకు సందులలో చర్మపు పొట్టు చేరుతుంది. పులిపిరులు, తామరవంటివి దానితో పాటు ప్రయాణం చేస్తాయి. నెత్తురు అంటితే కామెర్ల వైరస్‌కు కూడా దారి. పిల్లకు తనది తనకు కొనివ్వాలి. వాడిన ప్రతిసారీ పొట్టు దులిపి, కంపెనీ చెప్పిన గడువుకు రేకునూ కత్తినీ మార్చాలి. వెంట్రుకవంటి మెత్తని వస్తువు ఉక్కును ఏం చేస్తుందని సందేహించేవారికి 2020లో అమెరికాలోని ఎంఐటి పరిశోధకులు జవాబు చెప్పారు: ఉక్కుకన్న యాభై రెట్లు మెత్తనిదైనా, వెంట్రుక తగిలే కోణాన్ని బట్టి బ్లేడు అంచు పెచ్చులూడుతుంది.

ఇండియా ప్రయాణం పెట్టుకున్నవారికి ఒక ముక్క. ఒకప్పుడు అమెరికా నుంచి బావగారికి బహుమతిగా పట్టుకెళ్లిన షేవరు, గోడకు తగిలించిన మరుక్షణం పొగ కక్కి శాశ్వతంగా మౌనం దాల్చడం చాలా కుటుంబాలకు అనుభవమే. అమెరికాలో ఇంటి కరెంటు 120 వోల్టులు, భారతదేశంలో 230. వోల్టేజి రెట్టింపైతే తీగచుట్టలో పుట్టే వేడి నాలుగింతలవుతుంది. ఇప్పుడు వచ్చే ఛార్జర్ల మీద చాలావరకు 100–240 అని ముద్రించి ఉంటుంది. అది చూసుకొని తగిలిస్తే బెంగ లేదు. బ్రిటనులో స్నానాలగది గోడకు ఉండే రెండు రంధ్రాల ప్రత్యేక సాకెట్టు లోపల ఒక ట్రాన్స్‌ఫార్మరు ఉండి, తడిచేతితో ముట్టుకున్నా ప్రాణాపాయం బాగా తగ్గేలా కరెంటును విడదీస్తుంది. తల ఆరబెట్టే యంత్రాన్ని దానికి తగిలించకూడదు. తీగతో నడిచే షేవరును నీటితొట్టె దగ్గరికి తీసుకుపోకూడదని పిల్లకు ఒకసారి గట్టిగానే చెప్పాలి.

ఇంట్లో పెద్దవారికి కూడా ఈ పరికరం అక్కరకు వస్తుంది. గుండెజబ్బుకు వార్ఫరిన్‌వంటి నెత్తురు పలుచన చేసే మందులు వాడే తాతగారికి రేజరు కోత పడితే నెత్తురు కట్టడం ఆలస్యం; అందుకే వైద్యులు ఎలక్ట్రిక్ షేవరు వాడమంటారు. మధుమేహం ఉన్నవారికి కాళ్ల మీద గీత పడకపోవడమే ముఖ్యం.

ఇన్ని చెప్పుకున్నాక, షేవరుతో తీరని విషయం ఒకటి మిగిలి ఉంది. ముంజేతుల మీద, పిక్కల మీద వెంట్రుకలు వంశలక్షణం. అమ్మమ్మ చేతులు చూస్తే తెలిసిపోతుంది. అవి కాక గడ్డం కింద, పైపెదవి మీద, రొమ్ముల మధ్య, బొడ్డు కింద మగవారి పద్ధతిలో ముతక వెంట్రుకలు వస్తూ ఉంటే, నెలసరి రెండు మూడు నెలలకోసారి తప్పుతూ ఉంటే, మొటిమలు వదలకపోతే, మెడ వెనక మురికిలా నల్లని మందపు చారలు కనబడితే, తల్లి దృష్టి గొరగాలా వద్దా అన్న వాదం నుంచి మళ్లవలసి ఉంటుంది. పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్ అనే పేరుతో ప్రసిద్ధమైన హార్మోను రుగ్మత ప్రసవవయసులో ఉన్న స్త్రీలలో పదిమందికి ఒకరికి అటూ ఇటూగా ఉంటుంది. మెడ మీది నలుపు ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు కావచ్చు. మధుమేహం ఉన్న తెలుగు కుటుంబాల్లో దాన్ని తోముడుపీచుతో రుద్ది పోగొట్టాలని చూస్తూ ఏళ్లు గడిపేస్తుంటారు. కొద్ది నెలల్లోనే గొంతు బొంగురుపోయి వెంట్రుకలు విపరీతంగా పెరగడం అరుదు. అలా జరిగితే ఆలస్యం చేయరాదు.

డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు పిల్లలు సిగ్గుపడి ఇంట్లోనే అన్నీ శుభ్రంగా గొరిగేసుకొని బయలుదేరుతారు. శరీరంలో తొమ్మిది చోట్ల రోమాలను చూసి ఒక్కో చోటుకు సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు వేసే పద్ధతి వైద్యుల వాడకంలో ఉంది; గొరిగిన చర్మం చూసి వేసిన మార్కులు తక్కువగా వస్తాయి. అందుకోసం షేవరు మానెయ్యవలసిన పని లేదు. ఏయే చోట్ల, ఎన్నాళ్లకోసారి గొరుగుతున్నదో, ఎప్పటినుంచి మొదలైందో, కడపటి ఆరు నెలసరుల తేదీలు ఏమిటో పిల్ల చేతే ఒక చీటీ మీద రాయించి వెంట తీసుకువెళ్లాలి. గదిలో తల్లి ఎదుట పలకలేనివి ఏమైనా ఉంటే అవి కూడా ఆ చీటీ మీద ఉండవచ్చు.